పేరు లేని గిన్నె: అరిటా పింగాణీ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక గిన్నె గురించి. అవును, మామూలు వంటింటి గిన్నె గురించే. ఎప్పుడూ కోటలు, రాజులు, యుద్ధాలు అని చెప్పేవాడు ఇవాళ గిన్నె పట్టుకుని కూర్చున్నాడేంటి అనుకుంటున్నారా? కాసేపు ఆగండి. రాజులూ వస్తారు, యుద్ధమూ వస్తుంది.

ముందు ఇది చూడండి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. తెల్లటి పింగాణీ గిన్నె. చుట్టూ నీలం రంగులో ఒక తీగ. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడింది. ఇది మా ఇంట్లో 80 ఏళ్ళకి పైగా ఉంది. మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా వైపు నుంచి ఒకప్పుడు పని కోసం జనం బర్మా వెళ్ళేవాళ్ళు. రంగూన్ అనేవాళ్ళు కాదు, "రంగం" అనేవాళ్ళు. మా తాతగారి అమ్మ కూడా అలా రంగం వెళ్ళింది. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక, దొరికిన ఓడ ఎక్కి విశాఖపట్నంలో దిగింది. చేతిలో ఒక బట్టల మూట. ఆ మూటలో, చీరల మడతల మధ్య ఈ గిన్నె. అప్పటినుంచి ఊళ్ళో అందరూ ఆవిణ్ణి "రంగం మామ్మ" అనే పిలిచారు.

ఇప్పుడు గిన్నె తిప్పుతున్నాను. అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో "జపాన్" అని ఉంది, కనిపిస్తోందా? ఒక్కసారి ఆలోచించండి. రంగూన్ మీద బాంబులు వేసింది జపాన్. ఆ బాంబులకి పారిపోతూ ఆవిడ కాపాడుకున్నది జపాన్ గిన్నె.

అడుగున దేశం పేరు ఉంది. చేసిన మనిషి పేరు లేదు. ఆ పేరు ఎందుకు లేదు అని వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన కథే ఇవాళ మీకు చెప్పబోయేది.

అసలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చే మనిషి గిన్నె ఎందుకు తెస్తుంది? అందంగా ఉందనా? అది ఒక కారణం. రెండో కారణం వంటింట్లోది. అప్పట్లో మన ఇళ్ళల్లో ఉన్నవి ఇత్తడి గిన్నెలు, రాగి బిందెలు, మట్టి కుండలు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసో, మజ్జిగో ఉంచితే చిలుమెక్కుతుంది, చేదెక్కుతుంది. అందుకే లోపల కళాయి పూయించేవాళ్ళు. కళాయి పోతే మళ్ళీ కళాయి వేసేవాడు ఊళ్ళోకి వచ్చేదాకా ఆ గిన్నెలో పులుపు పెట్టకూడదు. ఇక మట్టి కుండ నీళ్ళు పీలుస్తుంది, నూనె పీలుస్తుంది, నిన్నటి కూర వాసన కూడా పీలుస్తుంది. పింగాణీకి ఈ రెండు బాధలూ లేవు. పులుపు దాన్ని ఏమీ చేయలేదు, ఉప్పు ఏమీ చేయలేదు. కడిగితే వాసన పోతుంది. మా మామ్మ ఇందులో నిమ్మకాయ ఊరగాయ పెట్టుకునేదని అమ్మ చెప్పింది.

మరి ఊరగాయ జాడీ కూడా పింగాణీయే కదా అని మీలో ఎవరో ఒకరు అంటారు. కాదండీ, దగ్గరి చుట్టం. మట్టిని కాల్చడంలో మూడు మెట్లు ఉన్నాయి అనుకోండి. మొదటి మెట్టు కుండ. తక్కువ వేడిలో కాలుతుంది, నీళ్ళు పీలుస్తుంది. రెండో మెట్టు జాడీ. ఎక్కువ వేడిలో కాలి రాయిలా గట్టిపడుతుంది, కానీ దాంట్లోంచి వెలుతురు రాదు. మూడో మెట్టు పింగాణీ. దీనికి మామూలు బంకమన్ను పనికిరాదు. తెల్లటి, ప్రత్యేకమైన మట్టి గానీ రాయి గానీ కావాలి. దాదాపు 1300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడిలో మట్టిలో కొంత భాగం కరిగి గాజులా మారి, మిగతా దాన్ని పట్టేసుకుంటుంది. అందుకే వేలితో కొడితే గంటలా మోగుతుంది. వినండి... విన్నారా? పలచగా చేసిందైతే దీపానికి అడ్డం పెట్టినప్పుడు మీ వేళ్ళ నీడ కనిపిస్తుంది.

ఈ పని ముందు నేర్చింది చైనా. వెయ్యేళ్ళకి పైగా వాళ్ళకి ఈ విద్య తెలుసు. జింగ్‌డెజెన్ అనే ఊరు మొత్తం దీని మీదే బతికింది. ఆ సరుకు సముద్రాల మీద ఎంత దూరం తిరిగిందంటే, మన మోటుపల్లి రేవు దగ్గర తవ్వితే చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. తర్వాత కొరియా వాళ్ళు నేర్చుకున్నారు. వాళ్ళ తెల్ల పింగాణీ చాలా నిరాడంబరంగా, చాలా అందంగా ఉంటుంది. జపాన్‌కి మాత్రం 1600 దాకా పింగాణీ చేయడం రాదు. చైనా నుంచి, కొరియా నుంచి కొనుక్కునేవాళ్ళు.

అక్కడ ఇంకో సంగతి జరుగుతోంది. జపాన్ పెద్దమనుషులకి టీ పిచ్చి పట్టుకుంది. మన ఇరానీ చాయ్ లాంటిది కాదు. చిన్న గదిలో, నిశ్శబ్దంగా, ఒక గిన్నెని చేతుల్లోకి తీసుకుని తిప్పి చూస్తూ తాగే టీ. ఆ గిన్నె ఎలాంటిదైతే అంత గౌరవం. విచిత్రం ఏంటంటే, వాళ్ళకి అన్నిటికన్నా నచ్చినవి కొరియా నుంచి వచ్చిన సాదాసీదా గిన్నెలు. అలాంటి గిన్నె ఒకటి "కిజాయెమొన్ ఇడో" అనే పేరుతో క్యోటోలో ఒక గుడిలో ఉంది. అది పింగాణీ కాదు, కాస్త గరుకు మట్టిది. కొరియాలో మామూలు వాడకానికి చేసిన గిన్నె అని చెప్తారు. ఇవాళ అది జపాన్ జాతీయ నిధి. కిజాయెమొన్ అనేది ఆ గిన్నెని ఒకప్పుడు దగ్గర పెట్టుకున్న వ్యాపారి పేరు. చేసిన వాడి పేరు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

1592లో జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీదికి దండెత్తాడు. 1597లో మళ్ళీ. 1598లో అతను చనిపోయాక గానీ ఆ యుద్ధం ఆగలేదు. కొరియా బూడిదైపోయింది. వెనక్కి వెళ్ళే జపాన్ సామంతులు ఓడల్లో మనుషుల్ని ఎక్కించుకుపోయారు. వాళ్ళలో చాలామంది కుమ్మరులు. ఎందుకంటే ఆ గిన్నెలు కొనుక్కోవడం కన్నా గిన్నెలు చేసే చేతుల్నే తెచ్చేసుకుంటే సరిపోతుంది కదా. అందుకే ఈ యుద్ధానికి జపాన్‌లోనే ఇంకో పేరు ఉంది, "కుండల యుద్ధం" అని. హాగి, సాత్సుమా, సాగా... ఇవాళ జపాన్‌లో పేరున్న కుమ్మరి ఊళ్ళు చాలావాటి పుట్టుక ఇదే.

సాగా సామంతుడు నబెషిమా నావొషిగె. అతని వెంట తెచ్చిన వాళ్ళలో ఒకాయన పేరు యీ సామ్‌ప్యాంగ్. జపాన్‌లో ఆయనకి కనాగాయె సాన్‌బె అని పేరు మార్చారు. ఆయన తెల్ల రాయి కోసం కొండలు పట్టుకుని తిరిగాడు, చివరికి అరిటా అనే చోట ఇజుమియామా కొండలో దొరికింది అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 1616ని అరిటా పింగాణీ పుట్టిన ఏడాదిగా లెక్కపెడతారు. 2016లో 400 ఏళ్ళ పండుగ కూడా చేసుకున్నారు.

ఇక్కడ పని గురించి కొంచెం చెప్పాలి. మనం కప్పు తీసుకుని కాఫీ తాగేస్తాం గానీ, దాని వెనక ఎంత ఉందో చూడం. అరిటాలో ఉన్నది మట్టి కాదు, రాయి. కొండ తవ్వి రాయి తెస్తారు. దాన్ని పిండి చేయాలి. వాగు పక్కన పెద్ద చెక్క రోకళ్ళు పెట్టేవాళ్ళు. ఒక చివర తొట్టి, రెండో చివర రోకలి. తొట్టిలో నీళ్ళు నిండితే అది కిందకి వంగుతుంది, రోకలి లేస్తుంది. నీళ్ళు ఒలికిపోగానే రోకలి దబ్బుమని పడుతుంది. అంటే దంచేది మనిషి కాదు, వాగు. ఆ పిండిని నీళ్ళలో కలిపి, గరుకు దిగిపోయాక పైన తేరిన మెత్తటిదాన్ని తీసి ఆరబెడితే, అదీ పింగాణీ మట్టి.

దాన్ని సారె మీద పెట్టి గిన్నె లాగడం మామూలు మట్టి కన్నా కష్టం. తొందరగా కుంగిపోతుంది. కొంచెం ఆరాక గిన్నె తిరగేసి, కింద అదనంగా ఉన్నదాన్ని చెక్కి, ఈ గుండ్రటి గట్టు తీస్తారు. దీన్ని గిన్నె పాదం అందాం. ఇది అలంకారం కాదండీ. వేడి గిన్నెని బొటనవేలు అంచు మీద, మిగతా వేళ్ళు పాదం కింద పెట్టి పట్టుకుంటే చెయ్యి కాలదు. గిన్నె వేడి బల్లకి తగలదు. బట్టీలో కాలేటప్పుడు గిన్నె కింద పలకకి అతుక్కోకుండా ఈ పాదం అంచున మెరుగు పూత తుడిచేస్తారు. అందుకే ఇక్కడ వేలు పెడితే గరుగ్గా ఉంటుంది. అందం అనుకున్న ప్రతి వంపు వెనకా ఒక అవసరం ఉంది.

తర్వాత ఒకసారి తక్కువ వేడిలో కాల్చి, కుంచెతో బొమ్మ వేస్తారు. ఈ నీలం రంగు వేసేటప్పుడు నీలంగా ఉండదు, మసిలా నల్లగా ఉంటుంది. ఏది ఎలా వస్తుందో వేసేవాడి ఊహలోనే ఉండాలి. పైన మెరుగు పూసి మళ్ళీ కాలుస్తారు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా గదులు కట్టిన బట్టీ. కింద మంట పెడితే వేడి పైకి ఎక్కుతూ పోతుంది. రాత్రీ పగలూ కట్టెలు వేస్తూ కూర్చోవాలి. గిన్నె లోపల పదో వంతుకి పైగా కుంచించుకుపోతుంది. కొన్ని వంగిపోతాయి, కొన్ని పగిలిపోతాయి. మిగిలినవే మన చేతికి వస్తాయి.

ఇప్పుడు ఈ కథలో నన్ను బాగా కదిలించిన మనిషి దగ్గరికి వస్తున్నాను. ఆవిడ కూడా కొరియా నుంచి తెచ్చిన మనిషే. భర్తతో పాటు సాగా దగ్గర తకెయో అనే చోట ఉండేది. భర్త అక్కడ కుమ్మరులకి పెద్ద. 1618లో ఆయన చనిపోయాడు. పరాయి దేశం, పరాయి భాష. ఆవిడ ఏం చేసిందో తెలుసా? దాదాపు 900 మంది తన వాళ్ళని వెంటబెట్టుకుని, మంచి రాయి ఉన్న అరిటాకి తరలివెళ్ళింది. అక్కడ బట్టీలు నడిపించింది. 1656లో, 96 ఏళ్ళ వయసులో చనిపోయింది. అరిటాలో ఒక గుడిలో ఆవిడ వారసులు వేయించిన రాతి స్తంభం ఇప్పటికీ ఉంది.

ఆవిడ పేరు ఏంటి? కొరియా వాళ్ళు బేక్ పాసొన్ అంటారు, జపాన్ వాళ్ళు హ్యకుబాసెన్ అంటారు. దాని అర్థం ఏంటంటే, సుమారుగా "వందేళ్ళ మామ్మ". అంతే. అది పేరు కాదు, పిలుపు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఎక్కడా మిగల్లేదు. 900 మందిని నడిపించిన మనిషి పేరు, మిగల్లేదు.

పింగాణీ వల్ల సాగా సామంతులకి డబ్బు కురిసింది. డబ్బు కురిస్తే కాపలా పెరుగుతుంది. 1637లో 826 మంది జపాన్ కుమ్మరుల్ని ఆ పని నుంచి తీసేసి వెళ్ళగొట్టారు. కట్టెల కోసం అడవులు నరికేస్తున్నారు అన్నది కారణం. బట్టీలు తగ్గించి, ఉన్నవన్నీ అరిటా చుట్టూ చేర్చారు. పని రహస్యం బయటికి పోకుండా పట్టు బిగించారు. చేసే వాళ్ళకి అది బతుకుతెరువు, పంజరం కూడా.

అంతలో చైనాలో 1644లో మింగ్ రాజ్యం కూలింది. జింగ్‌డెజెన్ నుంచి సరుకు రావడం కష్టమైంది. డచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళు అరిటా వైపు తిరిగారు. 1659లో ఒక్క ఆర్డరే 50 వేల ముక్కలు దాటింది. నాగసాకి రేవు నుంచి ఓడలు కదిలాయి. ఈ డచ్ కంపెనీ మనకి కొత్తవాళ్ళేం కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో దిగి, మన నేతగాళ్ళ బట్టలు కొని తూర్పు దీవుల్లో అమ్మిన వాళ్ళే. మచిలీపట్నం నేతగాడి పేరు ఎవరికి తెలుసు? అరిటా కుమ్మరి పేరు ఎవరికి తెలుసు? యూరప్‌లో ఆ పింగాణీని "ఇమారి" అన్నారు. ఇమారి అంటే చేసిన ఊరు కూడా కాదు, సరుకు ఓడెక్కిన రేవు.

యూరప్‌లో దీని కోసం ఎంత పిచ్చెక్కారో ఒక్క సంగతి చెప్తాను. జర్మనీలో సాక్సనీ అనే రాజ్యం, రాజు ఆగస్టస్. 1717లో ఆయన పక్క రాజ్యం ప్రష్యాకి 600 మంది సైనికుల్ని ఇచ్చేసి, బదులుగా 151 పింగాణీ పాత్రలు తీసుకున్నాడు. తప్పుగా వినలేదు. మనుషుల్ని ఇచ్చి కూజాలు తెచ్చుకున్నాడు. ఆ కూజాలకి "సైనికుల కూజాలు" అని పేరు, డ్రెస్డెన్‌లో ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. ఆ 600 మంది పేర్లు మాత్రం ఎవరూ చెప్పుకోరు.

అదే రాజు ఇంకో పని కూడా చేశాడు. బొట్గర్ అనే కుర్రాడు బంగారం తయారుచేస్తానని గొప్పలు చెప్పాడు. రాజు పట్టుకుని బంధించాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే పండితుడితో కలిసి అతను 1708లో పింగాణీ గుట్టు విప్పాడు. 1710లో మైసెన్ కోటలో కార్ఖానా పెట్టారు. కోటలో ఎందుకు? రహస్యం దాటిపోకుండా. బొట్గర్ చాలా ఏళ్ళు బందీగానే పనిచేసి, 1719లో 37 ఏళ్ళకే చనిపోయాడు. మైసెన్ వాళ్ళు మొదట్లో దేన్ని చూసి బొమ్మలు వేశారో తెలుసా? అరిటా పింగాణీని చూసి. అక్కడా బందీలే, ఇక్కడా బందీయే.

ఇప్పుడు కిజాయెమొన్ గిన్నె దగ్గరికి వెనక్కి వెళ్దాం. 1925లో యానగి సోయెత్సు అనే జపాన్ ఆలోచనాపరుడు, ఇద్దరు కుమ్మరి స్నేహితులతో కలిసి "మింగేయ్" అనే మాట పుట్టించాడు. అంటే జనం కళ. 1936లో టోక్యోలో దానికి ఒక మ్యూజియం కూడా పెట్టాడు. ఆయన వాదం ఇది: రోజూ వాడే వస్తువులోనే నిజమైన అందం ఉంది, సంతకం పెట్టాలన్న ఆరాటం లేని పేరు తెలియని పనివాడి చేతిలోనే అది పుడుతుంది. ఆ కొరియా గిన్నె గురించి ఆయన గొప్పగా రాశాడు.

నాకు ఈ మాటలో సగం చాలా నచ్చుతుంది. వాడకమే అందం అన్నది నిజం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్, యూరప్ పింగాణీ గదులు గదులుగా ఉంది. వెళ్ళి చూడండి, తప్పకుండా. కానీ అద్దాల వెనక ఉన్న గిన్నె బరువు మీకు తెలియదు. అంచు పెదవికి ఎలా తగులుతుందో తెలియదు. పాదం వేళ్ళకి ఎలా అందుతుందో తెలియదు. చేసినవాడు ఆలోచించిందంతా అదే కదా. గిన్నె వంటింట్లో ఉన్నప్పుడే పూర్తవుతుంది.

రెండో సగంతోనే నాకు పేచీ. పేరు చెప్పుకోకపోవడం వేరు, పేరు మిగలనివ్వకపోవడం వేరు. వందేళ్ళ మామ్మ తన పేరు వద్దనుకుందా? ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఓడ ఎక్కించిన వాళ్ళు అడగలేదు, సరుకు కొన్నవాళ్ళు అడగలేదు. దాన్ని వినయం అనేస్తే, చేసిన అన్యాయం మీద మనమే ఒక అందమైన గుడ్డ కప్పినట్టు.

అరిటాలో తోజాన్ అనే గుడి ఉంది. దాని ముందు ద్వారం పింగాణీతో చేసింది, 1888 నాటిది. అక్కడ యీ సామ్‌ప్యాంగ్‌ని దేవుడిగా కొలుస్తారు. అదే గుడిలో, ఆయన పక్కనే, ఆయన్ని తెచ్చిన సామంతుడు నబెషిమా నావొషిగెని కూడా దేవుడిగా కొలుస్తారు. బందీ, బంధించినవాడు, ఒకే గుడిలో. 1917లో ఆ కొండ మీద యీ సామ్‌ప్యాంగ్‌కి స్మారక స్తంభం పెట్టారు. అప్పటికి కొరియా జపాన్ పాలన కిందే ఉంది. ఒక పేరుని మిగుల్చుకున్నారు, అది మంచిదే. కానీ ఎవరి పక్కన నిలబెట్టారో కూడా మనం చూడాలి.

మన ఇళ్ళకి వద్దాం. మనకి గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు ఉంది కదా. మీ ఇంట్లో స్టీలు పళ్ళెం తిరగేయండి, పెళ్ళిలో చదివించిన మేనమామ పేరో, అత్తయ్య పేరో, తేదీతో సహా ఉంటుంది. ఇచ్చినవాళ్ళ పేరు ఉంటుంది, ఉంచుకున్నవాళ్ళ పేరు ఉంటుంది. చేసినవాళ్ళ పేరు ఎప్పుడైనా చూశారా? అందులో రోజూ వండి పెట్టిన మనిషి పేరు?

ఈ ఎపిసోడ్ రాసుకుంటూ ఒక రాత్రి నేను టక్కున ఆగిపోయాను. వందేళ్ళ మామ్మకి పేరు లేకుండా పోయిందని ఇంత బాధపడుతున్నాను కదా, మరి మా రంగం మామ్మ పేరేంటి? నాకు తెలియదు. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకీ గుర్తు రాలేదు. "అందరం రంగం మామ్మ అనేవాళ్ళం రా," అంది. రెండు రోజుల తర్వాత బీరువాలో పాత భూమి దస్తావేజు ఒకటి దొరికింది. అందులో ఒక వేలిముద్ర, దాని పక్కన ఎవరో గుమస్తా రాసిన పేరు. అమ్మ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఆ పేరు మా ఇంటి వరకే ఉంచుకుంటాను. చిన్న కాగితం మీద రాసి ఈ గిన్నె అడుగున, "జపాన్" అన్న మాట పక్కనే అంటించాను. ఇదిగో, వేలు అడ్డం పెట్టాను, కాగితం అంచు వరకు చూడొచ్చు.

గిన్నె చేసిన కుమ్మరి పేరు నేను ఇక కనుక్కోలేను. దాన్ని మోసుకొచ్చిన మనిషి పేరు కనుక్కోగలిగాను. సగం బాకీ తీరింది అనుకుంటున్నాను.

మీకు ఒక చిన్న పని. ఈ వీడియో అయిపోయాక ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళండి. అన్నిటికన్నా పాత గిన్నె ఏదో అడగండి. ఎవరు తెచ్చారు, ఎక్కడినుంచి తెచ్చారు, వాళ్ళ అసలు పేరేంటి అని అడగండి. చెప్పగలిగిన వాళ్ళు ఉన్నప్పుడే అడగండి. దొరికిన కథ కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. ఈ గిన్నె మళ్ళీ అలమారలోకి వెళ్ళదు. ఇవాళ సాయంత్రం ఇందులో నిమ్మకాయ ఊరగాయ కలుపుతున్నాను. ఉంటానండీ, నమస్కారం.